పదో చోటు

పటాల దుకాణం, అద్దాల బల్ల దగ్గర
మంగళవారం

అత్తా,

ఇక్కడ మేమంతా బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని మొదలుపెడితే నువ్వు ఉత్తరం మడిచి పక్కన పెట్టేస్తావు. అందుకని నేరుగా సంగతిలోకి వస్తున్నాను. మా నాన్నకి ఒక కవల తమ్ముడు ఉన్నాడని ఇన్నేళ్ళూ మాకు ఎందుకు చెప్పలేదు?

కంగారు పడకు, మొదట్నుంచీ చెప్తాను. దుకాణాన్ని బజార్లోంచి ఇంటి ముందుగదిలోకి మారుస్తున్నానని పోయిన ఉత్తరంలో రాశాను కదా. నాన్న పోయాక ఏడాదిగా ఆ గది ఉత్తినే పడి ఉంది. సున్నం వేయించడానికి గోడల మీదివన్నీ దించాం. ఆ పాత ఫోటో కూడా దించాల్సి వచ్చింది. అదే, ఇంటి పిల్లలందరూ పెరట్లో వరసగా నిలబడ్డది, మూరెడు పొడుగు, జానెడు ఎత్తు. అది ఏనాడూ గోడకి సరిగ్గా ఆనేది కాదు. వెనక అట్ట ఉబ్బిపోయి బొజ్జ వచ్చిన మనిషిలా ముందుకి వాలి ఉండేది. ఊళ్ళో వాళ్ళందరి పటాలూ కట్టేదాన్ని, మా ఇంట్లోది ఇలా ఉంటే నా పరువేం కావాలి? "ఒక్కసారి విప్పి సరిచేస్తాను నాన్నా" అని ఎన్నిసార్లు అడిగానో. "దాని జోలికి పోకు" అనేవాడు. అంతే, ఇంకో మాట లేదు.

నిన్న దించుతుంటే చేయి జారింది. అద్దం పగిలింది. ఇక విప్పక తప్పుతుందా? కొండను తవ్వి ఎలుకను పట్టారని విన్నాం గానీ, నేను చట్రం విప్పి ఏకంగా మనిషినే పట్టాను.

ఫోటో కుడి చివర నాలుగు వేళ్ళ వెడల్పున వెనక్కి మడిచి ఉంది. ఏ పటాలవాడూ మడవడు అత్తా, ఎక్కువైతే కత్తిరిస్తాడు. మడిస్తే ఉబ్బుతుందని ఈ పనిలో చేరిన మర్నాటికే తెలుస్తుంది. జాగ్రత్తగా, తడిగుడ్డ ఆవిరి పట్టి విప్పాను. మాకు తెలిసిన ఫోటోలో తొమ్మిదిమంది పిల్లలు. మడతలో పదోవాడు ఉన్నాడు! ఎడమ చివర మొదట నిలబడ్డ నాన్న ఎలా ఉన్నాడో, కుడి చివర వీడూ అచ్చం అలాగే ఉన్నాడు. అదే ముక్కు, అవే చెవులు, అదే చొక్కా. పైనుంచి రెండో గుండీ ఆయనకీ లేదు, వీడికీ లేదు. "కవలలకి ముఖాలు కలుస్తాయి గానీ ఊడిపోయిన గుండీలు కలుస్తాయా" అని మీ అల్లుడి అనుమానం. లెక్కల మాస్టారు కదా, అనుమానపడటమే ఆయన ఉద్యోగం. ఒక్కటే తేడా. నాన్న చేతులు కట్టుకుని ఉన్నాడు, వీడు రెండు చేతుల్లోనూ నల్లగా ఏదో పట్టుకుని ఉన్నాడు. పిచ్చుక పిల్లో, ఎలుకో తెలియడం లేదు.

ఎవరు వీడు? ఏమయ్యాడు? వెంటనే రాయి.

ఇంకో సంగతి. వచ్చే నెల మొదటి ఆదివారం కొత్త దుకాణం తెరుస్తున్నాం. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఫోటో దిగాలని పిల్లల పట్టు. ఈసారైనా రా అత్తా. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నువ్వు మా గుమ్మం తొక్కలేదు. నాన్న ఉన్నప్పుడు ఆయన్ని పంపించి సరిపెట్టాం. ఇప్పుడు పంపడానికి ఎవరున్నారు?

నీ పిచ్చుక


మా ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
శుక్రవారం

పిచ్చుకా,

మా అమ్మకి కవలలు లేరు. ఉన్న ఒక్కడే ఇల్లు పీకి పందిరి వేసేవాడు, వాడికి జత కూడానా? ముందు నీ కళ్ళజోడు మార్పించుకో.

ఇక్కడ వానలు. మోకాలు నా మాట వినడం మానేసింది. పక్కింటాయన పిల్లి నా కిటికీ గూట్లో నాలుగు పిల్లల్ని పెట్టింది. ఆయన ఒకదాన్ని ఎవరికో ఇచ్చేస్తానని వచ్చాడు. కళ్ళు తెరవని దాన్ని పట్టుకుపోతావా అని తలుపు వేశాను. ఇప్పుడు పిల్లి ఆయనది, పాలు నావి.

ఎదురింటివాళ్ళు టెలిఫోను పెట్టించుకున్నారు. మీరూ పెట్టించుకోండి అని పోరుతున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ చెవిలో పోయించుకున్నాను, ఇంకా ఇంట్లో కూడా గంట మోగాలా? నాకు ఉత్తరమే హాయి. మధ్యలో "మూడు నిమిషాలైంది" అని ఎవరూ అనరు.

దుకాణానికి నా ఆశీస్సులు. రావడం మాత్రం కుదరదు. మోకాలు అని చెప్పు అందరికీ.

నీకు మాత్రం నిజం చెప్తాను, ఎలాగూ చెప్పేదాకా ప్రాణం తీస్తావు. ఆ ఫోటో వేలాడే గదిలో నేను కూర్చోను. ఎందుకని అడక్కు. ఆ తొమ్మిదిమందినీ చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు కదా, అందులో నేను లేనని ఎప్పుడైనా గమనించావా?

అత్త


ముందుగది, సున్నం వాసన మధ్య
బుధవారం

అత్తా,

గమనించలేదు. సిగ్గుతో రాస్తున్నాను. నలభై ఏళ్ళు ఆ ఫోటో కిందే తిన్నాను, చదువుకున్నాను, జడ వేయించుకున్నాను. నీ ఉత్తరం చదివి వెళ్ళి ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెట్టాను. నువ్వు లేవు. నువ్వు అప్పటికి పుట్టలేదేమో అనుకుందామంటే కింద సంవత్సరం ఉంది, నీకు ఆరేళ్ళు.

నా కళ్ళజోడు మాత్రం బాగానే ఉంది. వాడు ఉన్నాడు. పలచ కాగితం పెట్టి పెన్సిలుతో గీసి ఇందులో పంపుతున్నాను, చూసుకో. ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. పెద్దది దయ్యం అంటుంది. చిన్నది మాత్రం, తాతయ్యని అంత మంచివాడని రెండుసార్లు తీశారు అంటుంది. మీ అల్లుడు మూడు రోజులుగా మాట్లాడటం లేదు, ఆలోచిస్తున్నాడట. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

పనిలో పనిగా నాన్న ఉన్న ఫోటోలన్నీ బల్ల మీద పరిచాను. నీకు ఒక తమాషా చెప్పాలి. నాన్నతో ఫోటో దిగడం ఎంత నరకమో నీకు తెలియదు, నువ్వెప్పుడూ దిగలేదు కదా. ఎప్పుడూ కుడి చివరే నిలబడేవాడు. నిలబడి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలేవాడు. "ఇంకాస్త ఇటు జరగండి సార్" అని ఫోటో తీసేవాడు బతిమాలేవాడు. "ఇలాగే తియ్యి నాయనా" అనేవాడు. నా పెళ్ళి ఫోటోలో ఆ ఖాళీ ఉంది. ఉద్యోగం చాలించిన రోజు ప్రెస్సువాళ్ళందరితో దిగిన దాంట్లో ఉంది. పెద్దదాని మొదటి పుట్టినరోజుది చూస్తే, మేమందరం ఒకరి మీద ఒకరం పడి ఇరుక్కుని ఉంటాం, ఆయన పక్కన మాత్రం దర్జాగా చోటు. వాటికి చట్రాలు కట్టేటప్పుడు బొమ్మంతా ఒక పక్కకి ఒరిగిపోయి ఎంత తిట్టుకునేదాన్నో. "ఆ ఖాళీ కత్తిరించనా" అంటే ఒప్పుకునేవాడు కాదు.

ఇది నాన్న చాదస్తమనే అనుకున్నాను. ఇప్పుడు ఆ పదోవాడు కూడా సరిగ్గా కుడి చివరే ఉన్నాడు. ఏదో ఉంది అత్తా.

నువ్వు అడగొద్దన్నావు. నేను అడుగుతున్నాను. ఆ ఫోటోలో నువ్వెందుకు లేవు?

పిచ్చుక


కిటికీ పక్క కుర్చీ
సోమవారం

పిచ్చుకా,

సరే. ఒక్కసారే చెప్తాను. మళ్ళీ అడిగితే లైను కోసేస్తాను.

మా పెద్దమ్మకి పిల్లలు లేరు. మా అమ్మకి నలుగురం. ఒకరోజు పెద్దవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకున్నారు. నేను బల్ల కింద గోళీలాడుకుంటున్నాను. మాట్లాడుతున్నది నా గురించేనని నాకేం తెలుసు? వారం తిరక్కుండా నన్ను పెద్దమ్మకి పెంపకానికి ఇచ్చేశారు. పెద్దమ్మని ఒక్క మాట అనలేను. నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది. చదివించింది, ఉద్యోగానికి పంపింది. అది వేరే సంగతి.

వెళ్ళే రోజు పొద్దున్న గుర్రబ్బండి గుమ్మంలో ఉంది. నాకు పెద్దమ్మ కొత్త బూట్లు తెచ్చింది, నల్లవి, పక్కన ఇత్తడి బకిలు. ఒకటి తొడిగారు, రెండోది లేదు. ఇల్లంతా గాలించారు. మంచాల కింద చూశారు, బొగ్గుల గదిలో చూశారు, కుక్క ఎత్తుకుపోయిందేమోనని దాన్ని నాలుగు తన్నారు పాపం. బండివాడు గొణుగుతున్నాడు. చివరికి పెద్దమ్మ నన్ను అలాగే ఎత్తుకుని బండెక్కించింది. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. గుమ్మంలో అందరూ నిలబడ్డారు, అన్నయ్య తప్ప. నాకు బొంగరం తిప్పడం నేర్పినవాడు, రాత్రిళ్ళు నా దుప్పటి లాక్కునేవాడు, వాడొక్కడూ గుమ్మం దాకా రాలేదు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

పన్నెండేళ్ళప్పుడు ఒకసారి అమ్మావాళ్ళని చూడ్డానికి నన్ను ఆ ఇంటికి తీసుకొచ్చారు. ముందుగదిలో ఆ ఫోటో. లెక్కపెట్టాను, తొమ్మిదిమంది. కింద తేదీ ఉంది, చూశావు కదా? అది నేను బండెక్కిన తొమ్మిదో రోజు. నన్ను పంపించి, ఇల్లు సర్దుకుని, అందరికీ తలలు దువ్వి, తీరిగ్గా వరసలో నిలబెట్టి ఫోటో తీయించారు. ఒక్కరి పక్కనా ఖాళీ లేదు. బల్ల మీద ఒక కంచం తగ్గితేనే తెలుస్తుంది కదా, మనిషి తగ్గితే తెలియలేదా?

ఆ రోజు అనుకున్నాను, ఈ గదిలోకి మళ్ళీ రానని. అమ్మ పోయినప్పుడు కూడా వసారా దాకానే వచ్చాను. పెళ్ళిళ్ళకి నేరుగా హాలుకే వచ్చేదాన్ని, ఫోటోలవాడు కనబడగానే చెయ్యి కడుక్కునే వంకతో తప్పుకునేదాన్ని.

ఇప్పుడు కోపం లేదు. అరవై ఆరేళ్ళకి కోపం మోయడానికి మోకాలు ఉండాలి. కానీ ఒక్కటి తెలుసుకోవాలని ఉంది. నేను వెళ్ళిపోయాక నేను లేనని ఆ ఇంట్లో ఒక్కరికైనా అనిపించిందా? అన్నయ్యని అడగాలని ప్రతి ఏడూ అనుకునేదాన్ని. వచ్చేవాడు, టీ తాగేవాడు, అడక్కపోయినా రేడియో విప్పి బాగుచేసేవాడు, వెళ్ళేవాడు. నోటి దాకా వచ్చింది మింగేసేదాన్ని. ఇక అడగడానికి వాడు లేడు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. మా అన్నయ్యలాగే ఉన్నాడు. ఎవరో నాకు తెలియదు. చేతిలో ఉన్నది ఎలుకలాగానే ఉంది.

పిల్లిపిల్లలు కళ్ళు తెరిచాయి.

అత్త


అద్దాల బల్ల, కొత్త చోటు
గురువారం

అత్తా,

కూర్చుని చదువు. పక్కన మంచినీళ్ళు పెట్టుకో. దుఃఖవార్త కాదు, అయినా పెట్టుకో.

నీ ఉత్తరం రాగానే ఫోటో గుడ్డలో చుట్టుకుని కండక్టర్ బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆ తొమ్మిదిమందిలో మీ చిన్నాన్న కొడుకు, ఇప్పటికీ చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరిగే మనిషి. బస్సు వదిలి తొమ్మిదేళ్ళయినా గుమ్మంలో జనం నిలబడితే "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అంటాడు. ఫోటోలో ఆయన్ని గుర్తుపట్టడం తేలిక, తల ఊపేశాడు కాబట్టి ముఖం చెరిగిపోయింది. "అందరికీ ముఖాలున్నాయి, నాకు మబ్బుంది" అని అరవై ఏళ్ళుగా ఏడుస్తున్నాడు.

మడత విప్పి చూపించాను. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"దీన్ని మళ్ళీ చూస్తాననుకోలేదే."

"నాన్నకి కవల ఉన్నాడా బాబాయ్?"

"కవలేమిటే నీ మొహం! అదీ మీ నాన్నే, ఇదీ మీ నాన్నే."

"ఒక్క మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు?"

"పరిగెడితే ఉంటాడు."

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ కెమెరా ఇప్పటివాటిలా టక్కుమని తీసేది కాదట. పిల్లల్ని వంపుగా నిలబెడితే, స్టాండు మీద అది కిరకిరమంటూ ఎడమ నుంచి కుడికి మెల్లిగా తిరుగుతుంది. అది ఎవరి వైపు చూస్తే వాళ్ళే పడతారు. దాటిపోయాక నువ్వు గెంతినా దానికి తెలియదు. నాన్న ఎడమ చివర మొదటివాడు. తన మీదినుంచి కెమెరా దాటగానే వరసలోంచి తప్పుకుని, ఫోటో తీసేవాడి వెనకనుంచి వంగి పరుగు తీశాడు. కెమెరా అటు చేరేలోపు కుడి చివర వెళ్ళి నిలబడ్డాడు.

"అటు చూసేసరికి నా తల తిరిగింది. నా ముఖం పోయింది మీ నాన్న వల్లే" అన్నాడు బాబాయి.

ఎందుకలా చేశాడని అడిగాను. ఇక్కడ నెమ్మదిగా చదువు అత్తా. ఆ ఫోటో తీయమని నాయనమ్మ నువ్వు ఉండగానే చెప్పి పెట్టిందట. పదిమంది పిల్లలు అని చెప్పింది. ఆ ఫోటోలాయన పై ఊరినుంచి రావాలి. వానలకి వంతెన మునిగి పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఈలోపు మీ పెద్దమ్మ ప్రయాణం ముంచుకొచ్చింది. నువ్వు వెళ్ళాక తీరిగ్గా తీయించింది కాదు, నువ్వు ఉండగా రావాల్సినవాడు రాలేదు. ఆయనకేం తెలుసు, చెప్పిన ప్రకారం పెరట్లో సుద్దముక్కతో పది గీతలు గీశాడు. తొమ్మిది గీతల మీద తొమ్మిదిమంది నిలబడ్డారు. పదోది ఖాళీ.

ఫోటో కడిగి తెచ్చాక తాతయ్య చూసి, మా నాన్న చెంప ఛెళ్ళుమనిపించాడట. "అక్కడ ఎందుకు నిలబడ్డావురా" అని అడిగితే ఏమన్నాడో తెలుసా?

"అది చెల్లి చోటు. ఖాళీగా ఉంటే చెల్లి లేదనుకుంటారు" అన్నాడట.

తాతయ్య, ఆ చివర కత్తిరించండి, ఒక్కడే రెండుసార్లుంటే నలుగురూ నవ్వుతారు అన్నాడు. కత్తెర తెమ్మన్నాడు. నాయనమ్మ తేలేదు. "మడుస్తాను గానీ పిల్ల చోటు కత్తిరించను" అని తనే బల్ల మీద పెట్టి మడిచిందట. ఇరవై ఏళ్ళు ఈ పని చేశాను, మడిచింది ఎవడో చేతకానివాడు అనుకున్నాను. నాయనమ్మా, క్షమించు.

ఇక ఆ ఎలుక. "చేతిలో ఏమిటి బాబాయ్" అన్నాను. "నువ్వే చూసుకో" అని భూతద్దం ఇచ్చాడు. అత్తా, అది ఎలుక కాదు. బూటు. చిన్నపిల్ల బూటు. పక్కన బకిలు మెరుస్తోంది.

నువ్వు బండెక్కే రోజు అది ఎక్కడా దొరకలేదు కదా. దాచింది నాన్నే. ఒక బూటు లేకపోతే ప్రయాణం ఆగుతుందనుకున్నాడు. తొమ్మిదేళ్ళ బుర్ర! చొక్కాలో పెట్టుకుని గడ్డివాము వెనక కూర్చున్నాడు, అందుకే గుమ్మంలోకి రాలేదు. బండి చక్రాల చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి వీధి ఖాళీ. ఆ తొమ్మిది రోజులూ బూటుని చొక్కాలోనే పెట్టుకుని తిరిగాడని బాబాయి చెప్పాడు. దాని బరువుకే గుండీ ఊడింది.

"ఇదంతా అత్తకి ఎందుకు చెప్పలేదు" అని నేను అరిచాను, ఆ ముసలాయన మీద. "నేను చెప్పమన్నానే. నేను చెప్పుకోవడమేంటి, అది వచ్చిన రోజు మడత విప్పి అదే చూస్తుందిలే అన్నాడు" అని బాబాయి అన్నాడు.

నువ్వు రాలేదు. ఆయన విప్పలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. బాబాయి మా ఇద్దరికీ టీ పెట్టాడు, చక్కెర మర్చిపోయాడు.

నువ్వు అడిగినదానికి ఇదీ జవాబు అత్తా.

పిచ్చుక


(కార్డు)

పిచ్చుకా,

ఆ బూటు ఏ కాలిది? కండక్టరు మాట నాకొద్దు, వాడు చిల్లర కూడా సరిగ్గా ఇచ్చేవాడు కాదు. నువ్వు భూతద్దం పెట్టి చూసి రాయి. వెంటనే.

అత్త


అద్దాల బల్ల
శనివారం

అత్తా,

ఎడమ కాలిది.

ఊరికే చెప్పడం లేదు. మీ అల్లుడికి ఇన్నాళ్ళకి చేతినిండా పని దొరికింది. చిన్నదాని బూట్లు రెండూ విప్పించాం. అదృష్టం కొద్దీ వాటికీ బయటి వైపే బకిలు. అది ఫోటోలో నాన్నలాగే రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కుడికాలిది పట్టుకుంటే బకిలు అటు తిరిగింది. ఎడమకాలిది పట్టుకుంటే సరిగ్గా కలిసింది. మూడుసార్లు చూశాం. నాలుగోసారి చిన్నది బూటు విసిరేసి వెళ్ళిపోయింది.

నాన్న పెట్టెలన్నీ వెతికాను, ఆ బూటు మాత్రం ఇంట్లో ఎక్కడా లేదు. బాబాయికి కూడా తెలియదు. దొరక్కపోయినందుకు బాధగా ఉంది.

ఎందుకు అడిగావు? అక్కడ అంతా బాగానే ఉంది కదా? ఆదివారానికి ఇంకా ఎనిమిది రోజులుంది. రమ్మని మళ్ళీ అడగను. అడగకుండా ఉండటం నాకెంత కష్టమో నీకు తెలుసు.

పిచ్చుక


కిటికీ పక్క కుర్చీ
మంగళవారం

పిచ్చుకా,

కుడికాలిది నా దగ్గర ఉంది.

ట్రంకు పెట్టెలో, ఉన్ని శాలువ అడుగున. ఒంటి బూటు ఏం చేసుకుంటావే, పారెయ్యమని పెద్దమ్మ చాలాసార్లు అంది. రెండోది దొరికితే అప్పుడు ఏం చేస్తాం అని మొండికేశాను. ఉద్యోగంలో చేరి గది మారినప్పుడూ వెంట తెచ్చుకున్నాను. బాగా ఎండిపోయి ముడుచుకుపోయింది, బకిలు మాత్రం తుడిస్తే ఇప్పటికీ మెరుస్తుంది. నీ ఉత్తరం పక్కన పెట్టి తుడిచాను.

నేను చాలా ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు? పక్కింటాయన కంగారుపడి వచ్చి, పిల్లిపిల్లని ఎవరికీ ఇవ్వనండీ అని ఒట్టేసి వెళ్ళాడు. ఆయనకి ఏం చెప్పను? సరే మంచిదన్నాను.

వెధవ. పెద్దవాణ్ణి అలా అనకూడదు, తెలుసు. కానీ వెధవే. ప్రతి ఏడూ వచ్చి ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. బూటు నేనే దాచానే అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా? మంచి రేడియోని విప్పి బాగుచేశాడు గానీ! వాడు నేను వచ్చి చూస్తానని కూర్చున్నాడు. నేను ఆ ఫోటో ఉన్నన్నాళ్ళూ రానని కూర్చున్నాను. మొండితనంలో ఇద్దరం ఒకే తల్లి పిల్లలం, అందులో అనుమానం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఊళ్ళో అందరికీ లైన్లు కలిపాను, నాది మాత్రం కలుపుకోలేకపోయాను.

అమ్మ సంగతి కూడా ఇప్పుడు తెలిసింది. కత్తెర తేలేదని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. అమ్మ మీద మోసిన బరువంతా ఆ వాక్యం దగ్గరే దించేశాను.

సరే, మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను.

ఒకటి, ఆ ఫోటోకి కొత్త చట్రం కట్టు. పదిమందికీ సరిపడా పొడుగ్గా చెయ్యి. మడతగీత కనబడినా ఫర్వాలేదు, దాన్ని కప్పే ప్రయత్నం చెయ్యకు. ముందుగదిలో ఎక్కడుందో అక్కడే పెట్టు, నేను దాని ఎదురుగా కూర్చుంటాను.

రెండు, శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. మోకాలు కూడా వస్తుంది. స్టేషనుకి మీ ఆయన్ని పంపు. కండక్టర్ని పంపావంటే వాడు నన్ను "లోపలికి జరగాలి" అంటాడు, నేను అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేస్తాను. బూటు తెస్తున్నాను. పిల్లలకి చూపించు, తర్వాత నాకు ఇచ్చెయ్యి.

మూడు, ఆదివారం ఫోటో తీసేవాడికి ముందుగానే చెప్పి పెట్టు. నేను కుడి చివర నిలబడతాను. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంటుంది. "ఇంకాస్త ఇటు జరగండి అమ్మా" అని వాడు ఎంత బతిమాలినా నేను జరగను.

అత్త